ముల్లు ఎందుకు లేవలేదు

"అన్నా, బంకులో రెండు వందలకు పోయించినా. ముల్లు లేస్తానే లేదు. పెట్రోలు పోసినారా, గాలి కొట్టినారా?"

గాలివీడు పక్క పల్లె నుంచి వచ్చిన ఆ రైతు మాటలో కోపముంది. శనక్కాయలు అమ్మిన డబ్బులోంచి తీసిన రెండు వందలవి. బంకు దగ్గర అప్పటికే ఒక విడత గొడవపడి వచ్చాడు. నేను బండికి సెంటర్ స్టాండు వేయించి, ట్యాంకు మూత తీసి లోపలికి చూడమన్నాను. అడుగున పెట్రోలు మెరుస్తూ కనబడింది. ఆయన కాసేపు ట్యాంకులోకి, కాసేపు మీటరు వైపు చూసి, "మరి ఇదెందుకు చెప్పలా?" అన్నాడు.

రాయచోటిలో ఇరవై ఏళ్లకు పైగా మోటారు సైకిళ్ల వైరింగు పని చేస్తున్నాను. హారను మోగలేదని, సెల్ఫు పట్టలేదని, హెడ్‌లైటు వెలగలేదని పరుగున వస్తారు. పెట్రోలు ముల్లు పోయిందని అదే పనిగా వచ్చేవాళ్లు తక్కువ. వేరే పనికి వచ్చినప్పుడు నేనే అడిగితే, "అది పోయి మూడేళ్లయిందిలే అన్నా, దాంతో ఏం పని" అంటారు. పనుంది. పైగా ఆ జబ్బు చాలాసార్లు చిన్నది. ఆ సంగతి తెలియక మీటరు సెట్టు మొత్తం మార్పించుకుని, అప్పటికీ ముల్లు లేవక నా దగ్గరికి వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. ఆ డబ్బు పోయినందుకు వాళ్లకంటే నాకే ఎక్కువ బాధేస్తుంది. ఎందుకంటే అది అయిదు నిమిషాల్లో తేలే విషయం.

ముల్లు విలువ నాకు తెలిసింది గువ్వలచెరువు ఘాటులో. అమ్మను కడప రిమ్స్‌కు కంటి పరీక్షకు తీసుకుపోయి తిరిగి వస్తున్నాను. కడప నుంచి రాయచోటికి యాభై కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో ఘాటు ఎక్కాలి. కడపలో బయలుదేరినప్పుడు ముల్లు సగం మీద ఉంది. ఘాటులో నాలుగు మలుపులు తిరిగామో లేదో, బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అలవాటుకొద్దీ చెయ్యి ట్యాంకు కిందికి పోయింది, పెట్రోలు కాకు రిజర్వుకు తిప్పుదామని. అది అప్పటికే రిజర్వులో ఉంది. అంతకు ముందు ఎప్పుడో తిప్పాను; పెట్రోలు పోయించాక మళ్లీ ఆన్‌లోకి తేలేదు. ముల్లు మాత్రం సగం మీదే ఉంది. చీకటి పడుతోంది. అమ్మ కళ్లల్లో పాప పెద్దది కావడానికి మందు వేశారు, ఎదురుగా వచ్చే లారీల లైట్లకు ఆమె కళ్లు తెరవలేకపోతోంది. కొంగు అడ్డం పెట్టుకుని రోడ్డు పక్కన రాతి మీద కూర్చుంది. వచ్చేవన్నీ డీజిలు బండ్లు. చివరికి ఒక కుర్రవాడు ఆగి, తన బండి పైపు ఊడదీసి నీళ్ల సీసాలోకి అర లీటరు పట్టిచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఘాటు పైన పాలకోవా అంగడి ముందు ఆగి అమ్మకు నీళ్లు తాగించాను. ఆమె ఒక్క మాట అనలేదు. మరుసటి రోజు పొద్దున్నే, మిగతా బండ్లన్నీ పక్కన పెట్టి, నా బండి ట్యాంకు విప్పాను.

పెట్రోలు ముల్లు ఎలా పనిచేస్తుందో ముందు చెప్పాలి. మీటరులో ఉన్న ముల్లుకు పెట్రోలు కనబడదు. ట్యాంకు లోపల ఒకరు కూర్చుని చెబితేనే దానికి తెలుస్తుంది. ఆ చెప్పేది ఫ్లోటు. ఇంటి మిద్దె మీద నీళ్ల ట్యాంకులో, నీళ్లు నిండగానే తేలి కుళాయిని ఆపే బంతి ఉంటుంది చూడండి, అలాంటిదే ఇక్కడ బొటనవేలంత. సన్నటి కడ్డీ చివర ఉండి, పెట్రోలు పెరిగితే పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. కడ్డీ రెండో చివర ఒక చిన్న ఇత్తడి వేలు ఉంటుంది. అది వెంట్రుకలాంటి తీగ చుట్టిన పట్టీ మీదో, పింగాణీ బిళ్ల మీద పూసిన నల్లటి పూత మీదో అటూ ఇటూ జారుతుంది.

కరెంటును మడవలో పారే నీళ్లనుకుందాం. కాలువకు మట్టి అడ్డం వేస్తే నీళ్లు తగ్గుతాయి, తీస్తే పెరుగుతాయి. ఇత్తడి వేలు పట్టీ మీద ఈ చివర ఉంటే కరెంటుకు అడ్డు తక్కువ, ఆ చివర ఉంటే ఎక్కువ. ఆ అడ్డునే నిరోధం అంటారు, ఓములలో కొలుస్తారు. మన దగ్గర తిరిగే నూరు సీసీ బండ్లలో చాలావాటికి ట్యాంకు నిండితే పది ఓములకు లోపు, ఖాళీ అయితే నూరు ఓముల దరిదాపు ఉంటుంది. కొన్ని కంపెనీల లెక్క వేరు, కొన్నింటిలో తలకిందులు కూడా. మీటరు లోపల చిన్న అయస్కాంతం చుట్టూ రెండు తీగచుట్టలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. వచ్చే కరెంటు మారేకొద్దీ ఆ రెండింటి లాగుడు మారి ముల్లు తిరుగుతుంది. గుంతల రోడ్డులో పెట్రోలు ఎగిరెగిరి పడుతున్నా ముల్లు గజగజలాడకుండా చాలా మీటర్లలో చిక్కటి సిలికాన్ నూనె వేసి ఉంటారు.

అంటే ఫ్లోటు, పట్టీ, రెండు వైర్లు, మీటరు. ఇంతే. జబ్బు ఈ నాలుగింటిలో ఒక దగ్గరే ఉండాలి. ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి మా ఉస్తాద్ నేర్పిన పరీక్ష ఒకటుంది. దానికి కావలసింది జానెడు వైరు ముక్క.

సీటు తీసి ట్యాంకు వెనక బోల్టు వదులు చేసి కొంచెం పైకెత్తితే, ట్యాంకు అడుగు నుంచి వచ్చే వైర్లు ఒక చిన్న తెల్ల కప్లరులో కలుస్తాయి. ఎక్కువ బండ్లలో రెండు వైర్లే. కప్లరు ఊడదీయాలి. కీ ఆన్ చేయాలి. ఇప్పుడు మీటరు వైపు నుంచి వచ్చే రెండు రంధ్రాలనూ వైరు ముక్కతో కలిపి పట్టుకోవాలి. అడ్డేమీ లేని కాలువ కదా ఇది, నిండు ట్యాంకుతో సమానం. ముల్లు మెల్లగా లేచి నిండు గుర్తు దాకా పోతే మీటరు బాగుంది, మీటరు దాకా వచ్చే వైరింగు బాగుంది. వైరు ముక్క తీసేస్తే మళ్లీ పడిపోవాలి. అప్పుడు జబ్బు ట్యాంకు లోపల ఉన్నట్టు. ముల్లు కదలకపోతే జబ్బు పైన, అంటే మీటరులోనో వైరులోనో ఉన్నట్టు.

ఒక హెచ్చరిక. ఇది ముల్లున్న పాత బండ్ల పరీక్ష. ఓముల లెక్క తలకిందులుగా ఉన్న బండ్లలో ముల్లు కదలిక కూడా తలకిందులే. అంకెలూ గళ్లూ వెలిగే డిజిటల్ మీటరు బండ్లలో ఇలా వైర్లు కలపొద్దు. వాటి లెక్క ఆ కంపెనీ సర్వీసు పుస్తకం చూసే చేయాలి. ఏ బండికైనా సరే, పెట్రోలు కారుతున్న చోట, వాసన కొడుతున్న చోట ఈ పని పెట్టుకోకండి.

ఆ రైతు బండికి నేను వైరు కలిపి పట్టుకోగానే ముల్లు నిండు మీదికి పోయింది. "చూడప్పా, నీ మీటరుకేం కాలేదు" అన్నాను. ఆయన ముఖం తేటపడింది. మీటరు మార్చాలని ఇంకెవరో అప్పటికే చెప్పి ఉన్నారట.

తర్వాత కప్లరు చూశాను. పిన్నుల మీద పచ్చటి చిలుము. పల్లె బండ్లకు ఇది మామూలే. వాటరు సర్వీసింగులో గట్టిగా కొట్టిన నీళ్లు ట్యాంకు కింద కప్లరులోకి దూరతాయి. మా బోరు నీళ్లు ఆరిన చోట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. కొన్నాళ్లకు ఇత్తడి పచ్చబడుతుంది. చిలుము కూడా కరెంటుకు అడ్డే. పది ఓములుండాల్సిన చోట నలభై అయిందంటే నిండు ట్యాంకు సగమైనట్టు కనబడుతుంది. కాంటాక్టు క్లీనరు కొట్టి, గుండుసూదితో గోకి, పిన్నులు కాస్త బిగించి పెడితే చాలా బండ్లు ఇక్కడే బాగవుతాయి. ముల్లు ఎగిరెగిరి పడుతుంటే, గుంతలో పడ్డప్పుడల్లా ఖాళీకి పోయి వస్తుంటే, ముందు కప్లరునే అనుమానించాలి. ముల్లు ఎప్పుడూ ఖాళీ మీదే ఉంటే హ్యాండిలు మెడ దగ్గర వైరు చూడాలి. వేల సార్లు అటూ ఇటూ తిప్పడంతో లోపల రాగి తెగి, పైన ప్లాస్టిక్కు మాత్రం బాగానే ఉంటుంది. శనక్కాయల బస్తాల పక్కన బండి పెట్టే ఇళ్లలో ఎలుకలు కొరికిన వైర్లు ఎన్నిసార్లు అతికించానో లెక్కలేదు. ముల్లుతోపాటు ఇండికేటర్లు, హారను కూడా పోతే ఫ్యూజూ బ్యాటరీ చూసుకోండి, ట్యాంకు జోలికి పోవద్దు.

ఇంకొకటి, దీన్ని పట్టుకోవడానికి నాకే ఒకసారి రెండు రోజులు పట్టింది. ట్యాంకుకు కొత్త రంగు వేయించుకుని వచ్చాడొక అబ్బాయి. రంగు వేసినప్పటి నుంచి ముల్లు లేవడం లేదు. ఫ్లోటు బాగుంది, మీటరు బాగుంది. ట్యాంకు రబ్బరు బుష్షుల మీద కూర్చుంటుంది కదా. ఆ బండిలో ఎర్తు, ట్యాంకు ఇనుము నుంచి బోల్టు ద్వారా ఛాసిస్‌కు పోవాలి. బోల్టు కూర్చునే చోట కూడా రంగు దట్టంగా పట్టి కరెంటుకు దారి మూసుకుపోయింది. రూపాయి బిళ్లంత చోటులో రంగు గోకితే ముల్లు లేచింది.

రైతు బండికి చిలుము తీసినా ముల్లు కదల్లేదు. ఇక లోపలి యూనిట్టు తీయాలి. ఇది ఇంట్లో చేసే పని కాదని ఎవరికైనా చెబుతాను. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న పొయ్యి దగ్గర కూడా అంటుకుంటుంది. నిండు ట్యాంకుకంటే, ఖాళీ చేసి ఆవిరితో మిగిలిన ట్యాంకే ఎక్కువ ప్రమాదం. అందుకే నేను బ్యాటరీ వైరు తీసేసి, ఆరుబయట వేపచెట్టు కింద, బీడీ కాల్చేవాళ్లను దూరం పంపించి, పెట్రోలు మూత ఉన్న డబ్బాలోకి దించుకుని అప్పుడు మొదలుపెడతాను.

ట్యాంకు బోర్లించి అడుగున ఉన్న నట్లు తీస్తే, యూనిట్టు ఒక పక్కకు వంచితేనే బయటికి వస్తుంది. లాగితే కడ్డీ వంగుతుంది. కడ్డీ కొంచెం వంగినా ముల్లు లెక్క లీటరు తప్పుతుంది. బయటికి తీశాక నా పాత ముల్లు మల్టీమీటరు పెడతాను. అంకెల మీటర్లు వచ్చినా ఈ పనికి నాకు ముల్లుదే కావాలి. ఫ్లోటును వేలితో నిదానంగా, అరటిపండు ఒలిచినంత నిదానంగా, కింది నుంచి పైకి లేపుతూ చూస్తాను. మల్టీమీటరు ముల్లు తొట్రుపాటు లేకుండా నూరు నుంచి పదికి నడిచి రావాలి. మధ్యలో ఎక్కడైనా టక్కున పడిపోయి మళ్లీ లేచిందంటే అక్కడ పట్టీ అరిగిపోయింది. అంకెల మీటరులో ఆ రెప్పపాటు కనబడదు.

ఆయన యూనిట్టులో పట్టీ బాగుంది. ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపాను. లోపల గలగల. సన్నటి పగులు గుండా పెట్రోలు ఎక్కి బరువై మునిగిపోతోంది. తేలాల్సింది మునిగితే, ఎంత పోసినా ముల్లు ఖాళీయే అంటుంది. ఫ్లోటును ఆయన చేతికే ఇచ్చి ఊపమన్నాను. మూడుసార్లు ఊపి విని, "బంకాయనను ఊరికే తిట్టినానే" అన్నాడు.

నిజానికి బంకు మీద అనుమానం వస్తే తీర్చుకునే దారి ఉంది. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలత పాత్ర ఉండాలి. మీ ముందే పట్టి చూపించమని అడగొచ్చు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. ముల్లు చూసి బంకు మీదికి పోవడం న్యాయం కాదు, ముల్లు కొలత పాత్ర కాదు కనక.

బాగున్న ముల్లు కూడా కొంత తప్పు చెబుతుంది. మోటారు సైకిలు ట్యాంకు గుర్రం మీది జీనులాగా ఛాసిస్ మీద అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుంటుంది. ఫ్లోటు ఒక పక్కనే ఉంటుంది. సైడు స్టాండు మీద వంగినప్పుడు ఒక లెక్క, నిలబెట్టినప్పుడు ఒక లెక్క. ఘాటు ఎక్కేటప్పుడు పెట్రోలు వెనక్కి, దిగేటప్పుడు ముందుకు పోతుంది. ముల్లు కూడా కదులుతుంది. పైన వెడల్పు, కింద ఇరుకు కాబట్టి మొదటి సగం మెల్లగా, తర్వాతి సగం తొందరగా దిగుతుంది. దాన్ని జబ్బనుకోవద్దు. అడుగున మిగిలిన పెట్రోలు రెండో పక్క కాలులో ఉండిపోయి బండి ఆగితే, ట్యాంకును కాకున్న వైపు వంచితే ఒకటి రెండు కిలోమీటర్లు పోయేంత దొరకొచ్చు.

అరిగిన పట్టీని సాండ్‌పేపరుతో రుద్దడం చాలామంది చేసే తప్పు. ఆ పూత కాగితమంత మందం కూడా ఉండదు. రుద్దితే చిలుముతోపాటు అదీ పోతుంది. మెత్తటి గుడ్డ, కాంటాక్టు క్లీనరు చాలు. ఘాటులో ఆగిన నా బండిలో మాత్రం కడ్డీ కీలు తుప్పు పట్టి బిగుసుకుని ఉంది. ఆ తుప్పు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఎప్పుడూ వంద రూపాయలకే పోయించేవాణ్ని. మా ఊళ్లో చేతిలో ఉన్న డబ్బును బట్టే పెట్రోలు. అలా ఎప్పుడూ అడుగునే ఉంటే, పైన ఖాళీలో గాలి, ఆ గాలిలో తేమ. రాత్రి చల్లబడినప్పుడు అది ట్యాంకు గోడలకు పడుతుంది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కూడా కలుస్తోంది. 20 శాతం కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025కే తెచ్చారు. ఇథనాలు నీటిని పీల్చుకునే గుణం గలది. నెలల తరబడి బండి కదలకుండా పెడితే ఆ తేమ అడుగున చేరుతుంది. కువైట్ పోయినవాళ్ల బండ్లు రెండేళ్లు గోడకు ఆనించి ఉండి, వాళ్లు సెలవుకు వచ్చినప్పుడు నా దగ్గరికి వస్తాయి. ఆ ట్యాంకుల్లో టార్చి వేసి చూస్తే లోపలంతా ఎర్రమన్ను పూసినట్టుంటుంది. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇంట్లో ఎవరినైనా వారానికోసారి నడపమనండి.

వెనుకటి బుల్లెట్లకూ టీవీఎస్ ఫిఫ్టీలకూ ఈ ముల్లే లేదు. మూత తీసి, బండి ఊపి, గలగల విని లెక్క కట్టేవాళ్లు. ముల్లు లేకపోయినా కాకులో రిజర్వు ఉండేది కాబట్టి గడిచింది. ఇప్పుడు ఆ ఆసరా పోతోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధన వచ్చాక బండ్లు ఎక్కువగా ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు మారాయి. ట్యాంకు కింద తిప్పే కాకు లేదు. పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. మాటిమాటికీ ఆగిపోయేదాకా నడిపితే ఆ పంపు పాడవుతుంది. పంపు ధర ఫ్లోటు ధర కాదు. కొత్త బండి మీటరులో గళ్లు తప్పు చూపిస్తున్నాయంటే, పాత బండికంటే తొందరగా చూపించుకోవాలి అనేది అందుకే.

ముల్లు బాగుచేయించే దాకా, బాగుచేయించాక కూడా, ట్రిప్పు మీటరును నమ్ముకోండి. నిండా పోయించి సున్నా చేయండి. మళ్లీ నిండా పోయించినప్పుడు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లో చూస్తే మీ బండి లీటరుకు ఎంతిస్తుందో తేలుతుంది. స్ప్లెండర్ ప్లస్ ట్యాంకు 9.8 లీటర్లు, లీటరుకు యాభై అయిదు వస్తోందనుకుంటే, నాలుగు వందలు దాటగానే బంకు వెతుక్కోవాలి. ట్రిప్పు మీటరు లేని బండికి సీటు కింద చిన్న పుస్తకం పెట్టుకోండి.

రైతు బండికి ఫ్లోటు విడిగా దొరకలేదు, యూనిట్టే కొనాల్సి వచ్చింది. మీటరు సెట్టుతో పోలిస్తే అది తక్కువే. బిగించేటప్పుడు పాత రబ్బరు రింగు పారేసి కొత్తది వేశాను. పాత రింగు గట్టిపడి ఉంటుంది, మళ్లీ వేస్తే చెమ్మ దిగుతుంది. నట్లు ఒకేసారి ఒకటి పూర్తిగా కాకుండా, ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాను. తర్వాత డబ్బాలోని పెట్రోలును కొద్ది కొద్దిగా పోస్తూ, ప్రతిసారీ నిమిషం ఆగి, కీ ఆన్ చేసి చూపించాను. మొదటి లీటరుకు ముల్లు దాదాపు కదల్లేదు. ఫ్లోటు అడుగు దాకా అందదు కాబట్టి అది సహజం. ఆ మిగిలిన కాస్త పోశాక ఎర్రగీత దాటి ఒక వెంట్రుకవాసి లేచింది.

"లేసింది," అన్నాడు ఆయన మెల్లగా.

బండి ఆ రాత్రికి అంగట్లోనే పెట్టి పొమ్మన్నాను. ట్యాంకు కింద పాత న్యూస్‌పేపరు పరిచాను. పొద్దున షట్టరు తీసి ముందు పేపరు చూశాను. ఎక్కడా తడి మచ్చ లేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, ఆయనకు ఫోను చేశాను.